తీర్పు ప్రకారం చచ్చినవాడు

రాజసభలో కూర్చుని చట్టాలు చేసిన మల్లపరాజుకి వయసు మళ్ళాక సొంత సీమలోనే ధర్మాధికారి పదవి దక్కింది. దండయాత్రకు వెళ్ళి ఏడాదిలోగా తిరిగి రానివాడు చచ్చినట్టేననీ, వాడి పొలం ధర్మాధికారికి చెందుతుందనీ ఒకప్పుడు సభలో చట్టం చేయించింది ఆయనే.

ఓబుళమ్మ కొడుకు చెన్నయ్య దండయాత్ర నుంచి ఏడాది దాటాక తిరిగొచ్చాడు. అప్పటికే పొలం మల్లపరాజు పరమైంది. తల్లి వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళి ఆయనకే మొరపెట్టుకుంది.

"మీ ఎదురుగానే నిలబడ్డాడు కదయ్యా!"

"నాకెవరూ కనబడటం లేదే," అన్నాడు మల్లపరాజు, చెన్నయ్య కళ్ళలోకే చూస్తూ. భటులూ భయంతో అదేమాట అన్నారు. మర్నాటికి ఊళ్ళో చెన్నయ్య పిలిస్తే పలికేవాడే లేడు.

ఓబుళమ్మ కొడుకుని దగ్గరికి పిలిచింది. "సరే నాయనా, చచ్చినవాడిలాగే నడుచుకో," అంది.

మధ్యాహ్నం మల్లపరాజు భోజనానికి కూర్చుంటే చెన్నయ్య వచ్చి పక్కనే చతికిలబడ్డాడు. మాట లేదు, రెప్పపాటు లేదు. ఆయన విస్తట్లో చెయ్యి పెట్టి అన్నం కలుపుకుని తినసాగాడు.

"వీణ్ణి ఈడ్చెయ్యండ్రా!"

భటులు గోడవైపు చూశారు. "ఎవర్నయ్యా? ఇక్కడెవరూ లేరని తమరే తీర్పిచ్చారు కదా."

గుమ్మంలోంచి ఓబుళమ్మ అంది: "చచ్చినవాణ్ణి ఎలా ఈడుస్తారు బాబయ్యా? బతికున్నాడనండి, తీసుకుపోతారు."

చెన్నయ్య ఎంగిలిచెయ్యి మెల్లగా ఆయన భుజం మీద పడింది.

"బతికే ఉన్నాడు!" అని కేకపెట్టాడు మల్లపరాజు.

"బతికున్నవాడి పొలం ఎవరిదయ్యా?" అంది ఓబుళమ్మ.

"వాడిదే! వాణ్ణి తీసుకుపో!"

ఇంటిదాకా ఓబుళమ్మ కొడుకు చెయ్యి వదల్లేదు. వెచ్చగానే ఉంది. అయినా నేలమీద వాడి నీడ పడుతోందో లేదోనని చూసుకుంటూనే నడిచింది.