వడతో తలపడ్డ దున్నపిల్ల

అనగనగా ఒక అడవి. ఆ అడవికి రోహిణి కార్తె వచ్చింది. బండరాళ్ళు పెనాల్లా కాలుతున్నాయి.

ఆ అడవిలో గండడనే దున్నపిల్ల ఉండేవాడు. వాడికి అప్పుడే కొమ్ములొచ్చాయి. బుల్లి కొమ్ములే, కానీ వాడికి మాత్రం అవి నెలవంకలు. ఎవరితోనైనా తలపడాలి, మందంతా తన పేరే చెప్పుకోవాలి అని పగలే కలలు కనేవాడు.

ఒకరోజు వాళ్ళమ్మ, "నాయనా, పొద్దెక్కాక నీడ దాటకండి. చెల్లిని కనిపెట్టుకుని ఉండు. బయటికెళ్తే వడదెబ్బ తగులుతుంది," అని చెప్పి కునుకు తీసింది.

గండడి చెవులు నిక్కబొడుచుకున్నాయి. వడ దెబ్బ కొడుతుందా? ఎవరీ వడ?

చెట్టు మీది కొండముచ్చు మామని అడిగాడు. "మామా, వడకు కొమ్ములెంత పొడుగు?"

మామ నవ్వాపుకున్నాడు. "కొమ్ముల్లేవురా అల్లుడూ."

"పోనీ, కోరలు?"

"అవీ లేవు."

"గోళ్ళు?"

"ఊహూఁ. కానీ ఏనుగునైనా పడగొడుతుంది."

గండడి గుండె గంతేసింది. కొమ్ముల్లేని శత్రువు మళ్ళీ దొరుకుతుందా? ఒక్క ఉరుకున మైదానంలోకి దూకాడు. వెనకే చెల్లి చుక్కి పరిగెత్తింది.

"అన్నా, నేనూ చూస్తా."

"రా, చూసి అందరికీ చెబుదువు గాని."

గండడు గిట్టతో నేల గీరాడు. "వడా, దమ్ముంటే రా," అన్నాడు. వేడిగాలి ముఖాన కొట్టింది.

"అదిగో, బుసకొడుతోంది," అంటూ మళ్ళీ పిలిచాడు. నోరు పిడచకట్టుకుపోయింది.

"దాహమేస్తోందన్నా," అంది చుక్కి.

"ఉండవే, అది వచ్చే వేళ."

మూడోసారి పిలిచాడు. కళ్ళ ముందు మైదానం గిర్రున తిరిగింది. వెనక దబ్బుమని చప్పుడైంది. తిరిగి చూస్తే, చుక్కి నేల మీద పడి ఉంది.

"ఎవరే కొట్టింది?"

చుక్కి పలకలేదు. చుట్టూ ఎవరూ లేరు. అడుగు జాడైనా లేదు. చెల్లి ఒళ్ళు మాత్రం నిప్పుకణికలా ఉంది. గండడు తలెత్తి చూశాడు. నెత్తిన ఎండ. వడంటే ఇదేనా?

"అమ్మా, చుక్కి లేవట్లేదే," అని గొల్లుమన్నాడు.

అమ్మ పరుగున వచ్చింది. ఇద్దరూ తలలతో నెట్టి చుక్కిని నీడకు చేర్చారు. వడకు కొమ్ముల్లేవని మామ చెబితే తలపడదామని వెళ్ళానని గండడు ఏడుస్తూ చెప్పాడు. మామ ఆకుదొన్నెతో నీళ్ళు తెచ్చి నోట్లో పోయబోయాడు.

"వద్దన్నయ్యా, తెలివొచ్చేదాకా నోట్లో పోయకూడదు. గొంతుకడ్డం పడుతుంది. ఒళ్ళు తడుపు," అంది అమ్మ. "అయినా వడంటే ఎండ వేడేనని వాడికి తిన్నగా చెప్పకపోయావా?"

మామ తల దించుకుని టేకాకుతో విసరసాగాడు.

గండడు పక్కనున్న మడుగులోకి ఉరికాడు. నిలువునా మునిగి, నీళ్ళోడుతూ వచ్చి చెల్లి మీద ఒళ్ళు విదిల్చాడు. మళ్ళీ ఉరికాడు. మళ్ళీ విదిల్చాడు. "లేవే చుక్కీ, లేవే," అంటూనే ఉన్నాడు.

చాలాసేపటికి చుక్కి చెవి కదిలింది. మెల్లగా కళ్ళు తెరిచింది.

"అన్నా, వడ పారిపోయిందా?"

గండడు దొన్నె ముందుకు జరిపాడు. "లేదే చెల్లీ, మనమే పారిపోయొచ్చాం. కొంచెం కొంచెంగా తాగు."

నీతి: ఎండతో పంతం పనికిరాదు. మండే వేళ నీడన ఉండి నీళ్ళు తాగేవాడే తెలివైనవాడు.