పడుగు మీద మిగిలిన నమూనా

"తాతా, సముద్రాల అవతలున్నోనికి మన ఊరి పేరన్నా తెల్వదు. మన మగ్గాల మీద ఎందుకు పడ్డడు?" అని శివలీల భోగ లింగయ్యను అడిగింది. మా చేనేత సొసైటీ నమూనాలన్నీ కంప్యూటరులోకి ఎక్కించింది ఆమే. ఆయన దగ్గరే పోగులకు ముడులు కట్టి రంగులద్దే పని నేర్చుకుంటోంది. లింగయ్య మా అందరికీ గురువు. ప్రశ్న అడిగినవాళ్లకు ఆయన ముందు పని ఇస్తాడు.

ఆ వారం ఎన్నో దేశాల కంప్యూటర్లకు ఎవరో తాళం వేశారు. మాదీ అందులో పడింది. డబ్బు పంపితేనే విప్పుతామని తెర మీద ఎర్ర అక్షరాలు. నమూనాలు గీసిన పాత గీతల కాగితాలుంటే మాకు దిగులే లేదు. కంప్యూటరులోకి ఎక్కాక అవెందుకని కార్యదర్శి సుదర్శనం తుక్కుకు అమ్మించాడు. నేను వద్దన్నాను. "చదువే రాదు, నీకెందుకు పెద్దమనిషీ కాగితాలు?" అన్నాడు పదిమందిలో. ఆ మాట మరవలేదు, మరవను.

పదకొండు మగ్గాల మీద రంగులద్దిన నిలువు పోగుల పడుగులు ఎక్కి ఉన్నాయి. అడ్డంగా వచ్చే పేకకూ అదే నమూనా పడాలి. పోగు తప్పితే చీర చెడుతుంది. నెలాఖరుకు చీరలు రాకపోతే మిల్లుబట్ట కొంటామని బేరగాళ్లు కబురు పెట్టారు. మా వాళ్లు కూర్చుని నేసే మగ్గం గుంటల్లోంచి లేచి మూడు రోజులు తెర చుట్టూ కూర్చున్నారు. అడిగినంత పంపేద్దామని సుదర్శనం తొందరపడ్డాడు.

లింగయ్య తెర వైపు చూడనైనా లేదు. శివలీలను సత్తెమ్మ మగ్గం దగ్గరికి తీసుకుపోయి, పడుగుకు అడ్డంగా ఒక తెల్లపోగు లాగి, ఆమె చేతిలో బొగ్గుముక్క పెట్టాడు.

"ఎరుపు ఆగినకాడల్లా గుర్తు పెట్టు."

నాలుగు గుర్తులకే పిల్ల ముఖం వెలిగింది. "పడుగుల ఉన్నదే పేకల గూడ కద తాతా!"

"మూడొద్దుల సంది దీని పక్కనే ఉన్నం," అని సత్తెమ్మ నవ్వింది. "కండ్లు తీస్కపోయి సుదర్శనం సారు కంప్యూటరు పెట్టెల పెట్టినం."

లింగయ్య పోగు కొస సుదర్శనానికి ఇచ్చాడు. పదకొండు మగ్గాల గుర్తులూ తీసేదాకా సుదర్శనం రెండు రోజులు పట్టుకుని నిలబడ్డాడు. "చదువుకున్నోల్లు, జర గట్టిగ పట్టుండ్రి సారూ," అన్నాను నేను.

ఆ గుర్తుల ప్రకారం పేకకు ముడులు కట్టి, రంగులద్ది నేశాం. నెలాఖరుకు ముందే చీరలు దిగాయి. వెంట్రుకవాసి తేడా చూపమని బేరగాళ్లకు పరిచి చూపించాం, ఎవరికీ దొరకలేదు. తాళం వేసినవాడికి పైసా పంపలేదు. అయితే ఆ రోజు మగ్గం మీద లేని నమూనాలు మాత్రం రానే లేదు. మా నాయన గీసిన ఏనుగుల అంచు వాటిలోనే పోయింది.

చివరి చీర మడతపెడుతూ శివలీల మళ్లీ అడిగింది. "నేనడిగినదానికి చెప్పనే లేదు తాతా. వాడు మన మగ్గాలనెందుకు ఆపిండు?"

లింగయ్య బొగ్గు చేతులు దులుపుకున్నాడు.

"వాడు తాళమేసింది పెట్టెకు, బిడ్డా. మిమ్ముల గుంటలకెల్లి లేవుమన్నదెవరు?"