మూడు మానిటర్లలో గోదావరి

ఏ పనైనా వెంట్రుకవాసి తేడా లేకుండా కుదిరితే తప్ప నలుగురి ముందూ పెట్టలేని భీమశంకరం అనే ఆయన కాకినాడలో ఉండేవాడు. మనిషి చాలా మంచివాడు. ఎరువుల ఫ్యాక్టరీలో మీటర్లు సరిచూసే ఉద్యోగం. ముల్లు కాస్త పక్కకి జరిగినా ఆయన ప్రాణం ఒప్పుకునేది కాదు. ఫ్యాక్టరీలో అది గొప్ప గుణమే, ఇంట్లోనే దానితో చిక్కొచ్చేది. ఆదివారం పెసరట్లు తానే వేస్తానని పొయ్యి దగ్గర నిలబడేవాడు. గుండ్రంగా రాని అట్టుని వడ్డించకుండా పక్కన పడేసేవాడు. ఆయన భార్య హైమవతి, అక్క మాణిక్యాంబ ఖాళీ కంచాల ముందు కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. చివరికి ఆ పక్కన పడేసినవే లాక్కుని తినేసేవారు. వాటి రుచికేమీ లోటుండేది కాదు.

మాణిక్యాంబ హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరైన టీచరు. పెళ్లి చేసుకోకుండా తమ్ముణ్ణి చదివించి, ఇప్పుడు తమ్ముడి ఇంట్లోనే ఉండేది. బడిపిల్లలకి గోదావరి పాఠం చెప్పడమంటే ఆవిడకి ఒక ముచ్చట. ధవళేశ్వరం దాటాక నది గౌతమి, వసిష్ఠ అని రెండు పెద్ద పాయలుగా విడిపోయే చోటుని చెయ్యి ఎత్తకుండా బోర్డు మీద గీసేది. ఆ రెండు పాయల్నీ పైనుంచి ఒక్కసారిగా చూడాలని ఆవిడకి ఎన్నాళ్లనుంచో కోరిక. కానీ చెవికి ఆపరేషన్ అయినప్పటి నుంచి డాక్టర్లు విమానం ఎక్కవద్దన్నారు. దాంతో ఆ కోరిక అలాగే ఉండిపోయింది.

తర్వాత ఆవిడ కళ్లకి నీటికాసుల జబ్బు, అదే గ్లాకోమా, వచ్చింది. కంటి డాక్టరు భీమశంకరాన్ని కూడా కూర్చోబెట్టి అంతా విడమరిచి చెప్పాడు. ఈ జబ్బులో ముందు పక్కచూపు పోతుందట. ఎదురుగా ఉన్నది చివరిదాకా కనిపిస్తుందట. చుక్కల మందు వేస్తే నెమ్మదిస్తుందే గాని, పోయిన చూపు మాత్రం తిరిగి రాదట.

ఆ రోజు ఇంటికి వచ్చాక భీమశంకరం పెద్ద ఆలోచన చేశాడు. కంప్యూటర్ ముందు కూర్చుని విమానం నడిపే ఆట ఒకటుంది. ఫ్లైట్ సిమ్యులేటర్ అంటారు. అందులో నేల మీద ఊళ్లూ, నదులూ, వంతెనలూ అసలువాటి మాదిరే కనిపిస్తాయి. ఎదురుగా ఒక మానిటరు, చెరో పక్కా ఒక్కొక్కటి పెడితే విమానం ముందు అద్దంలోంచీ పక్క కిటికీల్లోంచీ చూస్తున్నట్టే ఉంటుంది. అక్కకి పక్కచూపు ఉండగానే అటు గౌతమినీ ఇటు వసిష్ఠనీ ఒక్కసారి చూపించాలని ఆయన పట్టుబట్టాడు. అంత ప్రేమ ఆయనది. అందులో ఎవరికీ అనుమానం లేదు.

వెనక గదిలో బల్ల వేసి, దాని మీద స్టాండు బిగించి మూడు మానిటర్లూ అమర్చాడు. మొదటి ఆదివారమే మూడూ వెలిగాయి, విమానం కూడా లేచింది. కాకపోతే మధ్య మానిటర్లో ఆకాశం, నేల కలిసే గీత పక్క మానిటర్లలోకి వెళ్లేసరికి విరిగినట్టు కనిపించింది. అంచుల దగ్గర గోదావరి తెగిపోయి బెత్తెడు కిందికి దిగి మళ్లీ మొదలయ్యింది. మాణిక్యాంబ తలంటి పోసుకుని, ఉప్పాడ నేత చీర కట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చింది.

"అయిందట్రా శంకరం? కూర్చోనా?"

"ఇప్పుడు కాదక్కా. గీత కలవలేదు. అంతా వంకరగా ఉంది."

"గోదారేమైనా తిన్నగా ఉంటుందేంట్రా? వంకరగానే చూస్తాలే."

ఆయన నవ్వి, వచ్చే ఆదివారానికి పక్కాగా చేసి చూపిస్తానన్నాడు. ఆవిడా నవ్వి వెళ్లి చీర మార్చుకుంది.

తర్వాతి ఆదివారం కుర్చీ దగ్గర్నుంచి ఒక్కో మానిటరుకీ తాపీమేస్త్రీలా దారం పట్టి దూరాలు కొలిచాడు. గీత కలిసింది. అప్పుడు మానిటర్ల నల్లటి అంచులు ఆయన కంట్లో పడ్డాయి. ఆ అంచుల వెనక ఉన్న నది ముక్క ఏమైపోతున్నట్టు? ఆ మందం కొలిచి కంప్యూటర్‌కి చెబితే అది బొమ్మని తగినట్టు సర్దుకుంటుంది. అది నేర్చుకోవడానికి ఒక నెల పట్టింది. అది అయ్యాక రంగుల గొడవ. ఎడమ పక్క నీళ్లు పచ్చగా, కుడి పక్క నీళ్లు నీలంగా కనిపించాయి. ఒకే నదికి రెండు రంగులేమిటని మూడింటినీ తిరిగిచ్చేసి ఒకే రకానివి తెచ్చాడు. కొత్తవి పాత స్టాండుకి పట్టలేదు. స్టాండు చేయించేసరికి వానాకాలం పోయి కార్తీకమాసం వచ్చింది. అదీ పోయింది.

ప్రతి ఆదివారం మాణిక్యాంబ ఆ చీర కట్టుకుని హాల్లో కూర్చునేది. విమానం పేరు తను ఎత్తేది కాదు. లోపల్నుంచి స్పానర్ చప్పుడు వినిపిస్తే ఈ వేళ కూడా లేదని అర్థం చేసుకుని, మధ్యాహ్నం భోజనాలకి ముందు చీర మార్చుకునేది. హైమవతికి చూడబుద్ధి కాక ఒకసారి మొగుడి మీద విసుక్కుంది. ఉన్నది ఉన్నట్టు చూపించండి, ఆవిడేమైనా మార్కులు వేస్తుందా అని అడిగింది. దానికి వదిన మాణిక్యాంబే అడ్డొచ్చింది. చిన్నప్పుడు గాలిపటానికి తోక సరిగ్గా కుదరలేదని గాలి రోజులన్నీ తోక అతికించడంతోనే గడిపాడని, వాడి తీరే అంతని, వాణ్ణేమీ అనొద్దని చెప్పింది.

ఆ రోజుల్లోనే ఇంట్లో చిన్న చిన్న మార్పులు వచ్చాయి. మాణిక్యాంబ భుజం తలుపు చెక్కకి తగిలేది. చేతి పక్కనే ఉన్న మంచినీళ్ల గ్లాసు ఒలికిపోయేది. పిలిస్తే మొత్తం తిరిగి చూసేది. భీమశంకరం ఇవన్నీ చూశాడు. చూసి, గ్లాసుని బల్ల మధ్యకి జరిపి, మళ్లీ వెనక గదిలోకి వెళ్లాడు. ఇంకొక్క వారం, అంతే అనుకునేవాడు.

చివరికి ఎండలు ముదురుతుండగా ఒక ఆదివారం పొద్దున అంతా కుదిరింది. గీత, అంచు, రంగు, దేనికీ వంక పెట్టడానికి లేదు. భీమశంకరం స్వయంగా వెళ్లి అక్క చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. ఆయన కొలతలన్నీ తన ఎత్తుకి తీసుకున్నవి. అక్క ఆయన భుజం దాకా కూడా రాదు. పక్కన వంగి ఆవిడ ఎత్తు నుంచి చూస్తే గీత మళ్లీ విరిగింది. స్టాండు దించుతానంటూ స్పానర్ వెతికాడు. హైమవతి దాన్ని ముందే తీసి కొంగులో పెట్టుకుంది.

"ఏవండీ, ముందు ఆ విమానం లేపండి."

విమానం రాజమండ్రిలో లేచింది. వంతెనలు దాటింది, ధవళేశ్వరం ఆనకట్ట దాటింది. మాణిక్యాంబ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కదలకుండా చూస్తోంది.

"చూశావా అక్కా? ఎడమ పక్క గౌతమి, కుడి పక్క వసిష్ఠ. రెండూ ఒక్కసారే."

ఆవిడ నేరుగా ముందుకే చూస్తూ, "పక్కల కూడా పెట్టావురా?" అని అడిగింది.

అక్క వేళాకోళం ఆడుతోందనుకున్నాడాయన. కానీ ఆవిడ మొహంలో నవ్వు లేదు. తల మెల్లగా పూర్తిగా ఎడమకి తిప్పింది. "ఇదిగో, గౌతమి" అంది. అంతే మెల్లగా కుడికి తిప్పింది. "అదీ ఉంది, వసిష్ఠ" అంది. అప్పుడు భీమశంకరానికి తలుపు చెక్కా, ఒలికిన గ్లాసూ అన్నీ ఒకదాని వెనక ఒకటి అర్థమయ్యాయి. విమానాన్ని అలాగే గాలికి వదిలేసి కింద కూలబడ్డాడు. ఎప్పటి నుంచి ఇలా ఉందని అడిగాడు. కార్తీకంలో వరసగా దీపాలు పెడితే చివరివి కనిపించలేదని ఆవిడ చెప్పింది. చుక్కలు వేళకి వేసుకుంటూనే ఉందట.

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"నువ్వు నా కోసం అంత ఇష్టంగా చేసుకుంటున్నావు. చెబితే నీకు పని మీద మనసు నిలిచేది కాదు. అప్పటిదాకా ఈ కాస్త చూపైనా ఆగుతుందేమోలే అనుకున్నాను."

భీమశంకరం ఆవిడ మోకాలి మీద తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మొదటి ఆదివారం వంకరగా ఉన్న గోదావరే అక్కకి చాలేది. ఆ వేళ ఆవిడ రెండు పాయలూ ఒక్క చూపులో చూసేది. ఆ వేళని తనే స్పానర్‌తో విప్పి పారేశాడు. ఇక ఏ కొలతా దాన్ని వెనక్కి తేలేదు.

మాణిక్యాంబ తమ్ముడి జుట్టు నిమిరింది.

"రెండూ ఒక్కసారి చూద్దామనుకున్నాను. ఒకదాని తర్వాత ఒకటి చూశాను. అదీ బాగానే ఉందిరా. లే, విమానం పడిపోతుంది."

ఆయన కళ్లు తుడుచుకుని లేచాడు. గీత విరిగే ఉంది, దాని జోలికి పోలేదు. కుర్చీ లాక్కుని అక్క పక్కన కూర్చుని సముద్రం దాకా తీసుకెళ్లాడు. దారిలో ఏ పక్క ఏ ఊరు వస్తోందో చెబుతూ వచ్చాడు. ఆవిడ అటు ఒకసారి, ఇటు ఒకసారి తిరిగి చూస్తూ, తను పాఠంలో చెప్పిన, నది మధ్యనుండే లంకల పేర్లు ఒక్కొక్కటే పలికింది. ఆ రోజు నుంచి ఆవిడకి ఎప్పుడు చూడాలనిపిస్తే అప్పుడే విమానం లేచేది. ఎదుటి చూపు కూడా ఎన్నాళ్లుంటుందో తెలియదు కాబట్టి ఆయన ఏ పూటా రేపు అనలేదు.

పిల్లలూ, మన అనుకున్నవాళ్లకి ఏదైనా ఇవ్వాలనిపిస్తే, అది కాస్త వంకరగా ఉన్నా సరే, వాళ్లు అందుకోగలిగినప్పుడే ఇవ్వాలి. అన్నీ కుదిరాక ఇద్దామని ఆగితే, వస్తువు కుదిరేసరికి వేళ దాటిపోతుంది.