చిటారు అల్లని బుట్ట

అనగా అనగా, రెండు కొండల నడుమ ఈతచెట్లు దట్టంగా పెరిగిన ఒక అడవి. దాని పేరు ఈతకోన. అక్కడి జంతువులకు బుట్టబంతి ఆటంటే ప్రాణం. ఎత్తైన కొమ్మకు అడుగులేని ఈతాకుల బుట్ట కట్టి, పీచుబంతిని అందులోంచి పడేలా విసరాలి. ఎక్కువసార్లు వేసిన జట్టుదే గెలుపు.

ఆటంటే ప్రాణమే గాని, ఈతకోన గెలిచింది తక్కువ. ముళ్ళపంది సూదయ్య పట్టుకుంటే బంతి ముళ్ళకు గుచ్చుకుని ఊడేది కాదు. కుందేలు బంతి వస్తుంటే పక్కకు దూకేది. జట్టుకు పెద్ద తేనక్క అనే ఎలుగుబంటి. ఆమె విసిరితే బంతి చెట్టుకు తగిలేది. నిజంగా ఆట వచ్చినవాడు ఒక్కడే, చిటారు అనే కుర్ర కొండముచ్చు. వాడికి చిన్నప్పుడు బంతి పట్టడం నేర్పింది తేనక్కే.

ఆ ఏడు వానలు వెలిశాక పెద్దకోన నుంచి నెమలి దూతగా వచ్చింది.

"ఏటా గెలిచే జట్టు మాది. చిటారును మా జట్టులోకి రమ్మని ఏనుగురాజుగారి మాట. పున్నమి దాకా ఆలోచించుకోవచ్చు" అని చెప్పి, తోక సర్దుకుని విడిదిలో దిగింది.

తేనక్కకు దిగులు పట్టుకుంది. చిటారు వెళ్ళిపోతే ఈతకోనకు జట్టే ఉండదు.

మొదట ఆమె చలికాలానికని దాచుకున్న తేనెపట్టు తెచ్చి వాడి చేతిలో పెట్టింది. చిటారు కాస్త నాకి, "బాగుందక్కా" అన్నాడు. ఉంటానని మాత్రం అనలేదు.

రెండోసారి ఆమెకు ఇంకో ఆలోచన వచ్చింది. ఈతకోనలో ఒక ఆనవాయితీ ఉంది. ప్రతి ఆటకు ముందు జట్టంతా గుండ్రంగా కూర్చుని కొత్త బుట్ట అల్లుతారు. తలా ఒక వరుస. అల్లుతున్నంతసేపూ ఒకరినొకరు ఆటపట్టించుకుంటారు.

"నీకెందుకు నాయనా ఈ పని? వేళ్ళు కోసుకుపోతాయి. ఆ బండ మీద కూర్చో, నీ వరుస నేను అల్లుతాను" అంది తేనక్క.

చిటారు బండ మీద కూర్చున్నాడు. సూదయ్య వాడికి నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. కుందేలు గొంతు తగ్గించి మాట్లాడింది. ఆ రోజు ఆటలోనూ అంతే. అందరూ బంతి వాడికే అందించి పక్కకు తప్పుకున్నారు. ఒక్కడు ఎంతమందిని దాటగలడు? ఓడిపోయారు. చిటారు చెట్టెక్కేశాడు.

అప్పుడు సూదయ్య ఉపాయం చెప్పాడు. "అక్కా, వాడి మణికట్టు బెణికింది, ఇక బాగుపడదు అని నెమలికి చెప్పేయి. చెయ్యి పనికిరానివాణ్ణి ఎవరు తీసుకుపోతారు?"

తేనక్క సరేనంది. దారి పొడుగునా ఆ మాటే లోపల వల్లెవేసుకుంటూ విడిదికి వెళ్ళింది.

"రావమ్మా. కుర్రాడికి దెబ్బలూ అవీ ఏమైనా ఉన్నాయా?" అని నెమలే అడిగింది.

తేనక్క నోరు తెరిచింది. ఎత్తుకు తిప్పిన పిల్లవాడి చెయ్యి పాడైందని అనడానికి ఆమెకు నోరు రాలేదు.

"నిక్షేపంలా ఉన్నాడండి" అంది.

అక్కణ్ణుంచి తిన్నగా చిటారు చెట్టు కిందికి వెళ్ళింది.

"ఒరే, నీ చెయ్యి పాడైందని అబద్ధం చెప్పబోయాను. చెప్పలేకపోయాను. నువ్వు వెళితే మేం ఓడిపోతాం. ఉన్నా గెలుస్తామని మాటివ్వలేను. వెళ్ళాలనుంటే వెళ్ళు. మా దగ్గర నీకేం తక్కువైందో మాత్రం చెప్పు."

చిటారు నాలుగు కొమ్మలు దిగి వచ్చాడు.

"పెద్దకోనలో నేను కొత్తవాణ్ణక్కా. అక్కడ నాకెవరూ పని చెప్పరు. వెక్కిరించరు. ఇప్పుడు ఇక్కడా అంతేగా, ఎక్కడుంటేనేం అనుకున్నాను. మొన్న అల్లుతూ మీరంతా పొట్టచెక్కలయ్యేలా నవ్వారు. దేనికని అడిగితే కుందేలు 'ఏం లేదండి' అంది. నన్ను అండీ అంది."

తేనక్క, "నీ వరుస నాకు వంకరగా వచ్చింది" అంది.

"చూశాను. బంతి అక్కడే ఇరుక్కుంది" అన్నాడు చిటారు.

పున్నమినాటి ఆటకు అల్లిక మొదలైంది. తేనక్క ఈతాకు కట్ట తెచ్చి వాడి ఒళ్ళో పడేసింది. "మొన్న ఎగ్గొట్టావు. ఇవాళ రెండు వరుసలు నీవే" అంది.

కుందేలు వాడి వైపు అనుమానంగా చూసి, "ఒరే, నీ తోక నా ఆకుల మీదుంది, తియ్యరా" అంది. వాడు తియ్యలేదు. కుందేలు తోక పట్టి లాగింది. అందరూ నవ్వారు, చిటారు కూడా.

ఆ రోజు ఆటలో ఎదుటి జట్టు తనను చుట్టుముట్టినప్పుడల్లా చిటారు బంతి కుందేలుకు విసిరాడు. అది రెండుసార్లు పక్కకు దూకింది. మూడోసారి పట్టుకుంది. పట్టుకున్నానని తానే నమ్మలేక అక్కడే నిలబడిపోయింది. ఈతకోన ఒక్క బుట్ట తేడాతో ఓడింది.

నెమలి ఒంటరిగానే తిరిగి వెళ్ళింది. కుర్రాడేడని ఏనుగురాజు అడిగితే, "రానన్నాడు ప్రభూ. అక్కడ వాడికి పని ఉందట" అని చెప్పింది.

కనుక పిల్లలూ, మనవాణ్ణి కానుకలతోనో అబద్ధాలతోనో కట్టిపడేయలేం. మన పనిలో, మన నవ్వులో వాటా ఇస్తేనే ఉంటాడు, చుట్టంలా చూస్తే చుట్టంలాగే వెళ్ళిపోతాడు.