పారశీ తరగతిలో తేలు

పారశీ వస్తేనే కొలువు దొరికే కాలమది. కోట పాఠశాలలో విరూపాక్ష పంతులుగారి మాటే శాసనం. తరగతిలో తెలుగు ముక్క ఎవరి నోట వచ్చినా సరే, పొద్దుగూకే దాకా ఎండలో నిలబడాల్సిందే.

ఒకరోజు పంతులుగారి ఉత్తరీయం మీద తేలు పాకుతోంది. పిల్లలంతా చూశారు గానీ నోరు మెదపలేదు. తేలును పారశీలో ఏమంటారో ఆయనింకా నేర్పలేదు మరి. కుమ్మరి కూతురు మంగతాయికి నిన్నటి ఎండకే తల దిమ్ముగా ఉంది. ఊరికే వేలు చూపిస్తే ఆయన భుజం తడుముకుని కుట్టించుకుంటారు. ఆమె పలక మీద తేలు బొమ్మ గీసి, "అయ్యవారూ, దీన్నేమంటారు?" అని పారశీలోనే అడిగింది.

పంతులుగారు మీసం దువ్వుకుంటూ ఆ మాట చెప్పారు.

"తేలు మీ భుజం మీదుందండీ," అంది మంగతాయి, అప్పుడే నేర్చిన ఆ మాటతో, శుద్ధమైన పారశీలో.

"ఓరి నాయనోయ్, తేలు, తీయండర్రా" అని పంతులుగారు అచ్చ తెలుగులో గంతులేశారు. మంగతాయి పలకతో దాన్ని అవతలకి తోసేసింది. ఆ తర్వాత వెళ్లి, ఎండవైపు తలుపు తెరిచి పట్టుకుంది.

పంతులుగారు తలొంచుకుని బయటికి నడిచారు. ప్రాణం మీదికొస్తే ఏ భాషలోనైనా అరవచ్చన్న నియమం ఆ తరగతిలో మర్నాడే పుట్టింది.