చుక్కి మోసిన సొరబుర్ర

చిప్పలవాగు అడవిలో వాగుకు అటూ ఇటూ చాలా జంతువులు ఉండేవి. గుట్ట మీద ఎలుగుబంట్లు, వెదురు పొదల్లో కుందేళ్ళు, ఒడ్డున బొరియల్లో నీటికుక్కలు, నీటి మీదికి వంగిన నేరేడు చెట్టు తొర్రలో ఒక బావురుపిల్లి. బావురుపిల్లి అంటే మామూలు పిల్లి కాదు పిల్లలూ. నీళ్ళంటే భయపడని పిల్లి. చేపలు పట్టి బతికే పిల్లి. దాని పేరు గండన్న.

గండన్న అంత బాగా చేపలు పట్టేవాడు ఆ అడవిలో లేడు. ఆ మాట అందరికంటే ముందు గండన్నే చెప్పేవాడు. కాకపోతే ఈమధ్య చెబితే వినేవాళ్ళు లేరు. పోయిన వానాకాలం వాగు పొంగినప్పుడు అతని భార్య చుక్కి నీళ్ళలో కొట్టుకుపోయింది. అప్పటినుంచి తొర్రలో గండన్న ఒక్కడే. లేస్తాడు, తింటాడు, పడుకుంటాడు. ఎవరైనా పలకరించడానికి వస్తే, "నాకేం? బాగానే ఉన్నాను. నాకు ఎవరి అవసరమూ లేదు" అని మొహం తిప్పుకునేవాడు. నాలుగుసార్లు అలా అనిపించుకున్నాక ఐదోసారి ఎవరొస్తారు? అందరూ రావడం మానేశారు.

ఎండాకాలం చివరికొచ్చింది. ఆ అడవిలో వానలు మొదలైతే వాగు మూడు నెలలు ఎర్రగా పొంగి పారుతుంది. ఆ నీళ్ళలో ఎవరికీ చేప దొరకదు. అందుకని చేపలు తినేవాళ్ళంతా వానలకు ముందే ఏనుగు మడుగుకు వెళ్ళి, పెద్ద పెద్ద వాలుగ చేపలు పట్టి, ఎండబెట్టి దాచుకుంటారు. మడుగు రెండు రోజుల నడక.

వాలుగతో ఒక చిక్కుంది. చచ్చిన ఎరను అది కన్నెత్తి కూడా చూడదు. ప్రాణంతో గిలగిలలాడే చిన్న చేప కనిపిస్తేనే రాళ్ళ సందులోంచి పైకి వస్తుంది. మడుగులో చిన్న చేపలు లేవు. అన్నిటినీ వాలుగలే మింగేశాయి. కాబట్టి ఇక్కడి వాగులోనే పరిగెలనే చిన్న చేపలు పట్టి, ఎండిన సొరబుర్రలో నీళ్ళు పోసి, వాటిని ప్రాణంతో రెండు రోజులు మోసుకుపోవాలి. ఎర బతికితే వానాకాలం తిండి ఉన్నట్టే. ఎర చస్తే మూడు నెలలు పస్తులు.

ఇదివరకు సొరబుర్ర మోసే పని చుక్కిది. చేప పట్టే పని గండన్నది. "మోయడానికేముంది, ఎవరైనా మోస్తారు. పట్టడంలోనే ఉంది పనితనమంతా" అనేవాడు గండన్న.

ఈసారి బుర్ర కూడా తనే నింపుకోవలసి వచ్చింది. చుక్కి ఎప్పుడూ పది పన్నెండు పరిగెలకు మించి వేసేది కాదు. "ఎందుకంత పిసినారితనం?" అనుకుని గండన్న అరవై వేశాడు. బుర్రలో నీళ్ళకంటే చేపలే ఎక్కువయ్యాయి. చుక్కి బుర్ర మూతికి చిల్లులు పొడిచిన ఆకు కట్టేది. నడుస్తుంటే నీళ్ళు తొణికి ఆమె వీపంతా తడిసిపోయేది. "ఇంత చిన్న విషయం తోచలేదు దానికి" అనుకుంటూ గండన్న మూతికి మోదుగాకు పెట్టి, చుట్టూ తేనెమైనం మందంగా మెత్తాడు. బోర్లించి చూశాడు. ఒక్క బొట్టు కారలేదు. తన తెలివికి తనే మురిసిపోయాడు.

బయలుదేరుతుండగా బుడుంగవ్వ ఎదురైంది. బుడుంగవ్వ ముసలి నీటికుక్క. ఆమె మెడలోనూ ఒక సొరబుర్ర వేలాడుతోంది. దాని చుట్టూ తడి నాచు చుట్టి ఉంది.

"ఒక్కడివే పోతున్నావా గండా? నేనూ అటే. కలిసి పోదాం రా నాయనా" అంది.

"నువ్వు అడుగడుక్కీ ఆగుతావు అవ్వా. నీతో నడిస్తే దారిలోనే వానలొస్తాయి."

"ఆగకపోతే ఎట్లా రా? బుర్రలో ఉన్నవి పాపం..."

"నా ఎర సంగతి నాకు తెలుసు. పదేళ్ళనుంచి పోతున్నాను మడుగుకి. ఒక్కసారైనా నా ఎర చచ్చిందా? చెప్పు!"

నిజమే, ఒక్కసారీ చావలేదు. అవ్వ ఏదో చెప్పబోయి, అతని మొహం చూసి దారి ఇచ్చింది.

గండన్న చకచకా నడిచాడు. దారి అదే దారి. మద్దిచెట్లు అవే. కానీ ఎంత నడిచినా తరగడం లేదు. ఏ గుట్ట ఎక్కినా, ఏ మలుపు తిరిగినా, "అదిగో చూడు" అని చూపించడానికి పక్కన ఎవరూ లేరు. ఒకచోట నెమలి పురి విప్పి ఆడుతోంది. గండన్న ఒక్క క్షణం ఆగి వెనక్కి తిరిగాడు. మళ్ళీ తల దించుకుని నడిచాడు.

దారిలో ఐదు చోట్ల ఊటలున్నాయి. ప్రతి ఊట దగ్గరా గండన్న నీళ్ళు తాగి, బుర్రను ఎండలో రాతి మీద పెట్టి, చెట్టు నీడన నడుం వాల్చేవాడు. ఇదివరకైతే అతను పడుకోగానే చుక్కి బుర్ర తీసుకుని ఎటో వెళ్ళిపోయేది. చాలాసేపటికి రొప్పుతూ వచ్చేది. "ఎక్కడ తిరుగుతావు? పొద్దు పోవడం లేదా?" అని గండన్న విసుక్కునేవాడు. ఆమె నవ్వేసి బుర్ర వీపుకెత్తుకునేది. ఇప్పుడు విసుక్కోవడానికైనా పక్కన ఎవరూ లేరని అతనికి కళ్ళు చెమర్చాయి. ఎవరూ చూడకపోయినా గబగబా తుడుచుకున్నాడు.

మొదటి రోజంతా బుర్రలో టపటపమని చప్పుడు. "ఏం అల్లరి!" అనుకున్నాడు. రెండోనాడు పొద్దున చప్పుడు లేదు. "హమ్మయ్య, సర్దుకున్నాయి" అనుకున్నాడు.

మధ్యాహ్నం దాటేసరికి మడుగు చేరాడు. కూర్చుని మైనం ఊడబెరికాడు. గుప్పున కంపు కొట్టింది. లోపల అరవై పరిగెలూ తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. ఒక్కటైనా బతికుండకపోతుందా అని అన్నిటినీ నేల మీద పోసి పంజాతో వెతికాడు. ఒక్కటీ లేదు.

చచ్చినదాన్నే నారపోగుకు కట్టి నీళ్ళలో ఆడించాడు. కిందనుంచి ఒక వాలుగ వచ్చింది, చూసింది, వెళ్ళిపోయింది. మళ్ళీ ఏదీ రాలేదు. వెనక్కి పోయి మళ్ళీ పరిగెలు తెచ్చుకునేలోగా వానలు వచ్చేస్తాయి. గండన్నకు మూడు నెలల వానాకాలం కళ్ళముందు కనిపించింది.

పొద్దు వాలుతుండగా బుడుంగవ్వ మెల్లగా వచ్చింది. చచ్చిన చేపల్ని చూసింది. తన బుర్రను నీడన పెట్టి, మడుగు నీళ్ళు ఒక్క దోసెడు పోసింది. కాసేపు ఆగింది. మరో దోసెడు పోసింది. ఆకు తీస్తే, లోపల పది పరిగెలు చెంగుచెంగున తిరుగుతున్నాయి.

"అవ్వా, పదేళ్ళు చావని నా ఎర ఇప్పుడెందుకు చచ్చింది?" అని అడిగాడు గండన్న.

"పదేళ్ళూ దాన్ని బతికించింది నువ్వు కాదు నాయనా" అంది అవ్వ.

గండన్న ఆమె వైపు తిరిగాడు.

"ప్రతి ఊట దగ్గరా నీకు కనబడకుండా కాస్త కిందికి దిగి నేనూ చుక్కీ పక్కపక్కనే కూర్చునేవాళ్ళం. చుక్కి పాత నీళ్ళు కొంచెం తీసి కొత్త నీళ్ళు కొంచెం పోసేది. ఒక్కసారే పోస్తే నీళ్ళు పడక చస్తాయి. చచ్చినది ఒక్కటి కనబడినా వెంటనే తీసి పారేసేది, మిగతావి పాడవకుండా. బుర్రకు నాచు చుట్టి తడిపేది. గాలాడాలని మూతికి చిల్లులు పెట్టేది. వీపు నానిపోతోందే పిల్లా అంటే నవ్వేది."

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

"నేనూ అడిగాను. 'చెబితే ఆయనా లేచి వస్తాడు అవ్వా, ఆ కాసేపూ పడుకోనీ, పొద్దున కళ్ళు చురుగ్గా ఉండాలి కదా' అంది."

గండన్న అక్కడే కూలబడ్డాడు. చుక్కి పోయిన రోజున కూడా నలుగురిలో ఏడవనివాడు, ఇప్పుడు అవ్వ ముందు వెక్కి వెక్కి ఏడ్చాడు. అవ్వ అతని వీపు నిమురుతూ కూర్చుంది.

చాలాసేపటికి గండన్న తల ఎత్తి, "నాకు మూడు పరిగెలు ఇస్తావా అవ్వా?" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక అతను ఒకరిని అడగడం అదే మొదలు.

"మా ఇంట్లో నోళ్ళు ఎక్కువ రా. అయినా ఇస్తాను. బతికించుకోవడం మాత్రం నీ పని" అని అవ్వ మూడు పరిగెల్ని అతని బుర్రలో వేసింది.

వాలుగలు తెల్లవారుజామున గాని బాగా రావు. అంతవరకూ ఎరను కాపాడాలి. గండన్నకు ఆ పని చేతకాలేదు. ఒకసారి కంగారులో నీళ్ళు ఎక్కువ పోశాడు. ఒక పరిగె చచ్చింది. తెల్లారాక రెండోదాన్ని వాలుగ నారతో సహా లాక్కుపోయింది. మూడోదానికి మాత్రం ఒక వాలుగ చిక్కింది. అవ్వ తన ఏడు పరిగెలతో ఆరు వాలుగలు పట్టింది.

వానలు మొదలయ్యాయి. వాగు పొంగింది. బుడుంగవ్వ బొరియలో పిల్లాపాపా కడుపునిండా తిని కేరింతలు కొడుతుంటే, ఆ చప్పుడు నేరేడు చెట్టు దాకా వినిపించేది. గండన్న తన ఒక్క వాలుగను రోజుకింత కొరుక్కుని, ఎముకలు తేలి, తొర్రలో ఒంటరిగా కూర్చునేవాడు. ఆకలిని ఓర్చుకున్నాడు. చుక్కి రొప్పుతూ వచ్చి నవ్వే ఆ నవ్వు గుర్తొస్తే మాత్రం ఓర్చుకోలేకపోయేవాడు.

"అలిసిపోయావా చుక్కీ?" అని ఒకరోజు పైకే అడిగాడు.

వాన కురుస్తూనే ఉంది. ఆ మాటకు బదులు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

నీతి: మన పని సాఫీగా సాగుతోందంటే దాని వెనక ఎవరో చెప్పకుండా కష్టపడుతున్నారు. వారెవరో వారు మన పక్కన ఉన్నప్పుడే తెలుసుకోవాలి.