ఎండపూత పూసుకున్న ఎనుము

ఏడు గుట్టలకూ కలిపి దిక్కు ఒక్కటే, నల్లమడుగు. వాగు మాఘమాసంలోనే ఎండిపోయినా, చెలమలన్నీ అడుగంటినా, ఆ మడుగులో మాత్రం రోహిణి కార్తెలో కూడా నీళ్లుండేవి. గుట్టల మీద ఎవరు ఎవరిని తరిమినా, మడుగు ఒడ్డుకు వచ్చేసరికి అందరూ పెద్దమనుషుల్లా తలలు వంచుకుని నీళ్లు తాగి పోయేవారు.

మడుగుకు పడమట ఒక బురదగుంట. అందులో కర్రెమ్మ అనే ఎనుము కాపురం. పొద్దెక్కగానే ఇటు నాలుగు దొర్లు, అటు నాలుగు దొర్లు దొర్లి ఒళ్లంతా అడుసు పట్టించుకునేది. తరవాత నీళ్లలోకి నడిచి, పొట్ట తడిసేదాకా దిగి, సాయంత్రం వరకూ నెమరు వేసుకుంటూ నిలబడేది. దున్నపోతు మీద వాన కురిసినట్టని మనుషులు వెక్కిరిస్తారు గాని, వాన సంగతి వేరు, ఎండ సంగతి వేరు. ఎండ తగిలితే ఆ నల్లతోలు పెనంలా కాలుతుంది. వీపు మీద అడుసు ఆరి పొరకట్టిందంటే ఇక ఏ ఎండా ఏమీ చేయలేదు. ఆ విద్య కర్రెమ్మకు వాళ్లమ్మ నేర్పింది, వాళ్లమ్మకు వాళ్లమ్మ నేర్పింది.

కర్రెమ్మ నీళ్లలో నిలబడితే ఆమె పొట్టకింద ఇంత నీడ పడేది. ఆ నీడలో మచ్చలమ్మ పిల్లలు ఆడుకునేవి. మచ్చలమ్మ కొర్రమీను. ఆ వేసవిలో ఆమెకు నాలుగైదు వందల పిల్లలు. కొర్రమీను పిల్లలు చిన్నప్పుడు ఎర్రగా ఉంటాయి, గుంపు విడవకుండా తిరుగుతాయి. మధ్యాహ్నం పైనీళ్లు కాగిపోతే అవన్నీ కర్రెమ్మ కిందికి చేరి, ఆమె పొట్టకు మూతులు ఆనించి కితకితలు పెట్టేవి. ఒడ్డునున్న లకుముకిపిట్టకు అక్కడికి దూకే ధైర్యం లేదు.

"నీ కింద ఉన్నంతసేపూ నాకు బెంగ లేదు వదినా," అనేది మచ్చలమ్మ. పిల్లల్ని అక్కడ వదిలి తిండి వెతుక్కోవడానికి వెళ్లేది. కర్రెమ్మ ఈనక మూడేళ్లు. ఆ కితకితల కోసం ఆమె పొద్దున్నుంచీ ఎదురుచూసేదన్న మాట మడుగులో ఎవరికీ తెలియదు.

ఆ ఏడు మడుగు మరో జానెడు తగ్గింది. కణుజు జింకల పెద్ద కొమ్ములరాయుడికి ఆదుర్దా పుట్టింది. మడుగును కాపాడుకోవాలన్నాడు, ఏడు గుట్టల మహాసభ మడుగు ఒడ్డునే జరగాలన్నాడు. అదివరకు గుట్టకూ గుట్టకూ మధ్య ఏ కబురైనా గోరింకలే మోసేవి. ఇదీ అలాగే చెప్పి పంపుదామని కర్రెమ్మ అంటే, ఇంత పెద్ద సంగతి గోరింక నోట పెడితే మన పెద్దరికం ఏం కావాలని రాయుడు కోప్పడ్డాడు. గుట్టకొక్కరు వస్తే చాలుగదా అంటే, మందలతో రాకపోతే సభ సభలా ఉండదన్నాడు.

ఆహ్వాన సంఘానికి నక్క గురవయ్య పెద్ద అయ్యాడు. ఎవరూ పెట్టలేదు, తనే అయ్యాడు. మండుటెండలో మందలతో నడిచి రావాలంటే దుప్పులు, దున్నలు వెనకాడుతుంటే, ఆయనే ఉపాయం చెప్పాడు. కొండముచ్చుల చేత ఏవో గింజలు బండల మీద నూరించి, నూనె ఊరే ముద్ద ఒకటి తయారుచేయించాడు. దానికి ఎండపూత అని పేరు పెట్టాడు. ఒంటికి రాస్తే ఎండ జారిపోతుంది, తోలు నిగనిగలాడుతుంది. పైగా ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోకుండా ఆకు దొన్నెల్లో పెట్టి ఏడు గుట్టలకూ పంపాడు. నక్క ఊరికే ఇస్తున్నాడేమిటని అడిగినవాళ్లు లేరు. ఊరికే వచ్చినదాన్ని అడిగి పాడుచేసుకునేదెవరు?

సభ రేపనగా గురవయ్య ఒక దొన్నె పట్టుకుని బురదగుంట దగ్గరికి వచ్చాడు.

"కర్రెమ్మక్కా, మడుగు ఇంటిదానివి నువ్వు. పెద్దలకు ఎదురెళ్లాల్సింది నువ్వు. ఈ అవతారంతోనే వెళ్తావా?"

"అడుసు లేకపోతే తోలు కాలుతుంది గురవయ్యా."

"అందుకేగా ఇది తెచ్చింది. అయినా అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అన్నారా?"

ఆ సామెత తప్పుచేసి దిద్దుకునేవాళ్ల గురించి అన్నదని కర్రెమ్మకు తెలుసు. అయినా తన ఒంటిని తాను చూసుకుంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ బురద ఆమెకు మురికిగా కనిపించింది. ఆలోచించి చెబుతానని నీళ్లలోకి దిగి, మచ్చలమ్మతో సంగతంతా చెప్పింది.

మచ్చలమ్మ మొప్పలాడించింది. "పూసుకుంటే పూసుకో వదినా. మంచి బట్ట కట్టుకుంటానంటే కాదంటానా. కాని నువ్వు దాంతో నీళ్లలోకి దిగుతావు. నీళ్లలో కలిస్తే ఏమవుతుందో ఒక్క మాట అడిగి రా. నా కోసం."

"దానికేం, అడుగుతా," అని కర్రెమ్మ ఒడ్డెక్కింది.

గురవయ్య ఆమెను చూడగానే దొన్నెలోంచి ఇంత ముద్ద తీసి ఆమె మెడకు రాశాడు. రాసినంత మేరా నేరేడుపండులా మెరిసింది. ఇన్నాళ్లూ ఈ అందాన్ని బురదలో పూడ్చిపెట్టావా అక్కా అన్నాడు. కర్రెమ్మకు అడగాల్సింది గుర్తుంది. కాని ముందు ఇంకో ప్రశ్న వచ్చేసింది.

"నా తోలుకేం కాదు కదా?"

"కానుగ గింజలక్కా ఇవి. కానుగపుల్లతో మనుషులు పళ్లు తోముకుంటారు. నోట్లో పెట్టుకునేది తోలుకేం చేస్తుంది?" అంటూ గురవయ్య ఇంత ముద్ద నాలుకకు రాసుకుని చప్పరించి చూపించాడు.

ఇక రెండో ప్రశ్న అడగబుద్ధి కాలేదు. ఇంత చెప్పాక ఇంకా గుచ్చిగుచ్చి అడిగితే మోటుదనుకుంటాడేమో అనిపించింది. చీకటి పడేలోగా తిరిగివచ్చి మచ్చలమ్మతో, "అడిగాను, మంచిదేనట," అంది. చిన్న అబద్ధమే. మచ్చలమ్మ నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? అడిగి వచ్చింది వదిన కదా.

మర్నాడు మందలు దిగాయి. ఒక్కొక్క పెద్ద వెనక నలభై యాభైమంది. మాట్లాడేది ఒకరు, మేసేది మందంతా. దారిపొడుగునా గడ్డి నేలమట్టమైంది. ఒడ్డునున్న తుంగ అంతా గిట్టల కింద నలిగిపోయింది. అందులో నీటికోళ్లు పెట్టిన గుడ్లున్నాయని ఎవరికీ తట్టలేదు. అందరి ఒళ్లూ పూతతో తళతళలాడుతున్నాయి. కర్రెమ్మ కూడా మెరుస్తూ ఎదురెళ్లి, కొమ్ములు వంచి స్వాగతం చెప్పింది. ఎవరో దున్న ఆమెను చూసి, ఈ మడుగులో ఇంత కళగల ఎనుము ఉందా అన్నాడు. ఆ మాట ఆమెకు మధ్యాహ్నం దాకా సరిపోయింది.

నీరే ప్రాణం అని రాయుడు చెప్పాడు. ప్రాణమే నీరు అని ఆ తరవాతివాడు చెప్పాడు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి మాటలు ఐపోయాయి. మడుగు మీద భక్తి చూపించడానికి అందరం మూడేసి మునకలు వేద్దామని రాయుడు ప్రతిపాదించాడు. సభ మొత్తం నీళ్లలోకి దిగింది.

కర్రెమ్మ తన చోటికి తాను వెళ్లి నిలబడింది. నీళ్ల మీద సన్నటి నూనె పొర రంగులు తిరుగుతూ పాకుతోంది. అది చూస్తుండగానే పొట్టకింద కితకితలు మొదలయ్యాయి. ఎండకు తాళలేక పిల్లలు అలవాటుగా నీడలోకి వచ్చేశాయి. కర్రెమ్మ కదలకుండా నిలబడింది, కదిలితే బెదురుతాయని. కాసేపటికి కితకితలు పలచబడ్డాయి. నిద్రపోతున్నాయేమో అనుకుంది. ఇంకాసేపటికి అసలే లేవు.

తల వంచి చూసింది. ఆమె పక్కటెముకల పొడవునా, పొట్ట చుట్టూ, నీళ్ల మీద ఎర్రగా తేలుతున్నాయి. నాలుగైదు వందలు. గుంపు మాత్రం విడలేదు.

కొర్రమీనుకు నీళ్లలో ఊపిరాడకపోతే పైకి వచ్చి గాలి మింగే విద్య ఉంది. పిల్లలకు ఆ విద్య ఇంకా అబ్బలేదు. మచ్చలమ్మ పైకి వచ్చి గాలి మింగింది. పిల్లల మధ్యకు వచ్చింది. ఒక్కొక్కదాన్నీ మూతితో తోసి చూసింది.

"అడిగానన్నావు కదా వదినా."

కర్రెమ్మకు అబద్ధం చెప్పే ఓపిక కూడా లేకపోయింది. "నా తోలు గురించి అడిగాను," అంది.

మచ్చలమ్మ మళ్లీ పిల్లల వైపు తిరిగింది. తిట్టినా బాగుండుననిపించింది కర్రెమ్మకు. ఆ క్షణాన తన మెరిసే ఒళ్లంటే తనకే రోత పుట్టింది. నీళ్లలోంచి పరుగున ఒడ్డెక్కింది.

గాలి పడమటి నుంచి వీస్తోంది. తేలిన చేపలన్నీ తూర్పు ఒడ్డుకు కొట్టుకుపోతున్నాయి. జెల్లలు, పరిగెలు, బొమ్మిడాయిలు. అక్కడ గురవయ్య, ఆయన బంధువర్గం వరసగా కూర్చుని, కాలు తడవకుండా ఏరుకు తింటున్నారు.

"నీకు ముందే తెలుసా?" అంది కర్రెమ్మ.

గురవయ్య మూతి తుడుచుకున్నాడు. "ఎగువ వాగులో మనుషులు కానుగ గింజలు నూరి గుంటల్లో కలుపుతారక్కా. చేపలు వాటంతటవే తేలతాయి. చిన్నప్పటి నుంచీ చూస్తున్నా. నువ్వు నీ తోలుకేమవుతుందని అడిగావు. ఏం కాదన్నాను. ఏమన్నా అయిందా?"

కర్రెమ్మ కొమ్ములు దించి ఒక్క ఉరుకు ఉరికింది గాని, నక్కను ఎనుము పట్టుకున్నదెక్కడ?

తిరిగివచ్చి సభకు చెప్పింది. పూతే చంపిందంది. తన పొట్టకిందే చచ్చిపోయాయంది. అందరూ ఒకసారి ఎవరి తోలు వాళ్లు చూసుకున్నారు. అంత మెరుపులో విషం ఉందంటే నమ్మడం కష్టం, కడుక్కోవడం ఇంకా కష్టం. ఎండ ముదిరి చచ్చి ఉంటాయని ఒకరన్నారు. కిందటేడూ ఒకటి రెండు తేలాయని ఇంకొకరన్నారు. చివరికి రాయుడు లేచి, చేపల మృతికి సభ తరఫున సంతాపం ప్రకటించి, ఈ దారుణం మీద ఆలోచించడానికి వచ్చే ఏడు ఇంతకు రెట్టింపు సభ పెడదామన్నాడు. విచారణ ఎవరు చేయాలన్న ప్రశ్న వచ్చింది. మొదటి నుంచీ తూర్పు ఒడ్డున ఉండి కళ్లారా చూసినవాడు గురవయ్యే కాబట్టి ఆయన్నే వేశారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినవాడికే చావడిలో పీట వేసినట్టయింది.

తొలకరికి వాగు పారింది. కొత్తనీటికి మచ్చలమ్మ ఎదురెక్కి వెళ్లిపోయింది. వెళ్లేముందు కర్రెమ్మ దగ్గర ఒక్క క్షణం ఆగింది.

"నీ మీద కోపం లేదు వదినా. నమ్మకం లేదు, అంతే."

మరుసటి వేసవికి కర్రెమ్మ మడుగు దారికి అడ్డంగా బురదగుంటను తొక్కి తొక్కి వెడల్పు చేసింది. నీళ్లకు వచ్చేవాళ్లెవరైనా అందులోంచే దిగాలి. పూత కడుక్కుని, అడుసు పట్టించుకుని మరీ దిగాలి. సభకు మందలు రాకూడదు, చెప్పాల్సింది గోరింకలతో చెప్పి పంపాలి. కాదన్నవాళ్లకు కొమ్ములు చూపించింది. రాయుడు నొచ్చుకున్నాడు. కాని చేపలు పోయాక దోమలు పెరిగి, అందరి ఒళ్లూ తూట్లు పడ్డాయి. అడుసు కప్పుకుంటే దోమ కుట్టదని తెలిశాక నోరెత్తకుండా దొర్లారు. ఏడు గుట్టల మాటా ఒక్క పూటలో గోరింకలే తెచ్చేశాయి. ఈ మాత్రానికి నిరుడు అంత తుంగ ఎందుకు తొక్కామని ఎవరూ అడగలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

ఒక మధ్యాహ్నం గురవయ్య వచ్చాడు. డొక్కలు లోపలికి పోయాయి. బంధువర్గం ఎక్కడెక్కడికో చెదిరిపోయింది. ఏటా తొలకరి ముందు మడుగంచున దొరికే నాలుగు చేపలతోనే ఆయన ఇల్లు గడిచేదని, ఆ విత్తనం కూడా తామే తినేశామని, తింటున్నప్పుడు ఆయనకూ తట్టలేదు.

"అక్కా, ఏమన్నా తేలుతున్నాయా?"

కర్రెమ్మ నీళ్లలోనే ఉంది, వీపు నిండా ఎండిన అడుసుతో, ఎప్పటి చోటే. పొట్టకింద ఎప్పటి నీడే పడి ఉంది.

"లేదు గురవయ్యా," అంది. "వచ్చి చూడు. నీడ ఉంది."

నక్క తొంగి చూశాడు. నీళ్లు అడుగుదాకా తేటగా కనిపిస్తున్నాయి. వాటిలో ఏమీ కదలడం లేదు. ఆయన తోక ఈడ్చుకుంటూ వెళ్లిపోయాడు. కర్రెమ్మ మాత్రం సాయంత్రం దాకా కదల్లేదు, కదిలితే బెదురుతాయన్నట్టు.

తన తోలుకేమీ కాదు కదా అని ఆగిపోయిన ప్రశ్న, పక్కవాడి ప్రాణం తీసేదాకా ఆగదు.